కాకెంగిలి

ఫిబ్రవరి 9

ఒసేయ్ పొట్టీ,

నీ ఉత్తరం అందింది. హాయిగా ఫోను చేసుకోవచ్చు కదా అని మీ బావ సణుగుతూనే ఉన్నారు. రోజంతా మైక్రోస్కోపులో కళ్లు పెట్టి కూర్చున్నాక ఆ ఫోను తెర చూస్తే కళ్లలో కారం కొట్టినట్టుంటుంది నాకు. కాగితం మీద ఇంతింత అక్షరాలు రాసుకుంటే కళ్లకి విశ్రాంతి. పైగా ఫోనులో నువ్వు ఊఁ, ఆఁ తప్ప ఒక్క మాట సరిగ్గా చెప్పవు.

మీ ఆసుపత్రిలో మా సెన్సర్లు కొనడం మొదలుపెట్టారు కాబట్టి ఇన్నాళ్లకి మా పనేమిటో తెలుసుకోవాలనిపించిందన్నమాట దొరసానికి. సరే విను. తలవెంట్రుక మందాన ఉండే గాజు తీగ. దాని కొనకి ఇసుక రేణువంత గాజు టోపీ. టోపీకి ముందువైపు ఊదితే ఎగిరిపోయే పొర. రక్తం ఒత్తిడికి ఆ పొర లోపలికి వంగుతుంది. తీగలోంచి పంపిన వెలుతురు ఆ పొరకి తగిలి వెనక్కొస్తుంది కదా, అది వచ్చిన తీరుని బట్టి ఒత్తిడెంతో యంత్రం చెప్పేస్తుంది. ఛాతీ కొయ్యకుండా, మణికట్టు దగ్గర గుచ్చి గుండెదాకా పంపేది ఇదే. తీగ పై తొడుగు ఒలవడం, కొన తెగ్గొట్టడం, టోపీ పెట్టడం, జిగురు చుక్క అద్దడం, ఊదారంగు దీపం కింద గట్టిపరచడం, అన్నీ నేనే. ఆ జిగురు చుక్క పెట్టడానికి బజార్లో దొరికే ఏ సూదీ పనికిరాదు, లెన్సు కింద అన్నీ దుంగల్లా కనిపిస్తాయి. అందుకని నా కనురెప్ప వెంట్రుకే ఒకటి పీకి, సన్నటి పుల్లకి అంటించి, స్పిరిట్లో ముంచి వాడతాను. నవ్వకు. మా బల్లల దగ్గర అందరూ చేసేది అదే, ఎవరి రెప్ప వాళ్లది.

బయటివాళ్లు మా గాజు గది చూసి, అబ్బ ఎంత శుభ్రమో అంటారు. వాళ్లని ఒక్క పూట ఇక్కడ కూర్చోబెట్టాలి. ఒంటినిండా తొడుక్కునే తెల్ల గౌన్లు ఉతకడం మనుషులకి గుర్తొచ్చినప్పుడే. నిన్న నాకొచ్చిన దాని చంకలో ఇంకెవరిదో చెమట, పసుప్పచ్చగా మరక కట్టి ఉంది. రోజంతా ఎవరి ఒంట్లోనో దూరి కూర్చున్నట్టుంది. ఇక మా సూపర్‌వైజరు. మేం మడిబాబు అంటాం. కుర్చీ ముమ్మారు తుడవందే కూర్చోడు, తలుపు గొళ్లెం మోచేత్తో తీస్తాడు. మొన్న అద్దంలోంచి చూశాను, మాస్కు కింద వేలు దూర్చి ముక్కు తీరిగ్గా కెలుక్కున్నాడు. చేతి తొడుగు మార్చకుండా వచ్చి అదే వేలితో నా ట్రే పట్టుకుని, "శుభ్రత, అమ్మా, శుభ్రత" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

ఇంత రోతలో కూర్చుని నడుము విరిగేలా చేస్తే రోజుకి నాలుగైదు బయటపడతాయి. మీవాళ్లు పెట్టె విప్పి, కాసేపు వాడి, చెత్తబుట్టలోకి గిరాటేస్తారు. ఒక మనిషికి ఒక్కసారే, అది నియమం, నాకూ తెలుసు. అయినా మనసు చివుక్కుమంటుంది. నా కళ్ల వెలుగంతా చివరికి చెత్తబుట్ట పాలేనే పొట్టీ.

పెట్టె మీద 7 అని ఉంటే అది నా బల్ల. కనిపిస్తే పలకరించు.

వేళకి తిను.
మీ అక్క


ఫిబ్రవరి 21

అక్కకి, సగం నమస్కారాలు, సగం చీవాట్లు.

కనురెప్ప వెంట్రుకా! ఛీ ఛీ ఛీ. నీ ఉత్తరం అన్నం తింటూ చదివాను, బుద్ధి తక్కువై. ముద్ద గొంతులోనే ఆగిపోయింది. నేను రోజూ చీము, రక్తం, వాంతులు ఎత్తిపోసేదాన్నే. అయినా మనిషి వెంట్రుకతో చేసిన వస్తువు మనిషి గుండెలోకి పంపుతున్నామంటే ఒళ్లు జలదరించింది. స్పిరిట్లో ముంచితే మాత్రం వెంట్రుక వెంట్రుక కాకుండా పోతుందా?

సరే, నీ 7 కనిపించింది. మా గది నీకు తెలీదు కదా. ఎప్పుడూ చలి. అందరం ఎక్స్‌రేలు సోకకుండా సీసం కోట్లు తొడుక్కుని గాడిదల్లా బరువు మోస్తూ నిలబడతాం. మనిషి మెలకువగానే ఉంటాడు, మణికట్టు దగ్గర మాత్రమే తిమ్మిరెక్కిస్తాం. గుండె నాళంలో పూడికకి ముందు ఒత్తిడెంత, దాటాక ఎంత అని నీ తీగ చెప్తే, స్టెంటు వెయ్యాలా అక్కర్లేదా అని డాక్టరు గారు తేలుస్తారు. పెట్టె విప్పుతూ, "ఇది మా అక్క చేసిందండీ" అనేశాను, ఆగలేక. డాక్టరు గారు నవ్వారు. బల్ల మీద పడుకున్నాయన మాత్రం తల ఎత్తి, "మీ అక్కగారికి చెయ్యి వణకదు కదమ్మా?" అని అడిగాడు. వణకదండీ, కోపమొస్తే తప్ప అన్నాను.

పని అయ్యాక చెత్తబుట్టలో చూశాను. రక్తం గుడ్డలు, ఎవరో కక్కుకున్న సంచీ, వాటి మధ్య నీ తీగ మెరుస్తూ పడి ఉంది. కడుపు తరుక్కుపోయిందక్కా. పూటల తరబడి కళ్లు పీక్కుపోయేలా కూర్చుని నువ్వు చేస్తావు, మేమేమో కక్కులో పారేస్తాం. నీ ఉత్తరంలో ఆ చెత్తబుట్ట మాట నన్ను వదల్లేదు. ఇకమీదట నీ చేతి పని చెత్తలో పడదు, పూచీ నాది. ఎలాగని అడగకు. ప్లాస్టిక్ సంచులు కడిగి తాడు మీద ఆరేసిన అమ్మ కూతుర్ని నేను.

బావగారి గురక తగ్గిందా?
నీ పొట్టి


మార్చి 14

ఒసేయ్ పొట్టీ,

గురక తగ్గలేదు, శ్రుతి మారింది, అంతే.

నా తీగలు దాచుకుంటున్నావని అర్థమైంది. ఏం చేసుకుంటావే, దండ గుచ్చి మెళ్లో వేసుకుంటావా? వద్దు. రక్తం తగిలిన సరుకు ఇంట్లో పెట్టకు, ఎవరి జబ్బు ఎలాంటిదో. నీ ప్రేమ నాకు తెలుసు, దాని కోసం రోగాలు మూటకట్టి అటకెక్కించక్కర్లేదు. నీ వెంట్రుక ఉపన్యాసం కూడా చదివాను. ఆ వెంట్రుక జిగురు ముట్టి వెనక్కొస్తుంది, అంతే. మనిషి ఒంట్లోకి వెళ్లేది గాజు, జిగురు, ఇంకేం లేదు. నర్సువై ఉండి ఇంత చాదస్తమా?

ఇక్కడ నా మెడకే ఏదో చుట్టుకుంటోంది. వాడినవాళ్ల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయట. సున్నా దగ్గర నిలవడం లేదట. అంటే, ఒత్తిడే లేనప్పుడు కూడా ఉన్నట్టు చూపిస్తున్నాయన్నమాట. చిత్రమేమిటంటే అన్నీ 7వే. మడిబాబు నా వెనక నిలబడి, నేను జిగురు పెడుతుంటే మెడ మీద ఊపిరి వదులుతూ చూస్తాడు. ఉల్లిపాయ కంపు. "చెయ్యి వణుకుతోందమ్మా, వయసు కదా" అంటాడు. నాకు వయసట! వాడికన్నా చిన్నదాన్ని. ఏ ఆసుపత్రి ఫిర్యాదు చేసిందని అడిగితే చెప్పరు, అది గుట్టట. తిప్పి పంపిన సరుకైనా చూపించండంటే, చూద్దాంలే అంటారు. ఇలాగే సాగితే నన్ను బల్ల మీంచి లేపి ప్యాకింగులో కూర్చోబెడతారట. అట్టపెట్టెలు మడవాలి నేను.

పొట్టీ, నాకున్నదల్లా ఆ బల్ల ఒక్కటే. మీ బావకి నేను లేకపోయినా జరుగుతుంది. ఆ లెన్సు కింద నా చెయ్యి నిలబడితే, ఈ లోకంలో నేనొకదాన్ని ఉన్నానని నాకనిపిస్తుంది. అది కూడా లాక్కుంటారేమోనని అన్నం సయించడం లేదు.

నీ దగ్గర నా 7లు బాగానే పనిచేస్తున్నాయా? నిజం చెప్పు.
అక్క


మార్చి 30

అక్కకి,

నీ ఉత్తరం చదివి ఆ మడిబాబుని చీపురుతో కొట్టాలనిపించింది. నీ చెయ్యి వణకడమేమిటి!

మా దగ్గర నీవి బంగారంలా పనిచేస్తున్నాయి. కొన్ని మొరాయించిన మాట నిజం. వాటిని స్టోరు బాబు తిప్పి పంపేస్తాడు, బదులు కొత్తవి వస్తాయి. అన్ని చోట్లా ఉండేదే కదా. మిగతావి నా చేతిలో బాగా బతుకుతున్నాయి, నువ్వు దిగులుపడకు.

ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఆ కనురెప్ప మానెయ్యక్కా. లోపం అక్కడే ఉందని నా అనుమానం. మన ఒంటి జిడ్డు ఆ వెంట్రుకలోంచి జిగురులోకి దిగుతుందేమో, అందుకే పట్టు వదులుతోందేమో. నేను శుభ్రత విషయంలో ఎంత పట్టుదల మనిషినో నీకు తెలుసు కదా. నా చేతిలోంచి వెళ్లే ట్రేలో మరక అనేది ఉండదు. మా డాక్టరు గారు కూడా, "ఈ అమ్మాయి చేతిలో పెడితే ఏదైనా కొత్తదానిలా మెరుస్తుంది" అంటారు. నువ్వు కూడా అలాంటి పట్టుదల పెడితే ఆ మడిబాబు నోరు మూతపడుతుంది.

ఏమీ అనుకోకు. నీ బల్ల నీకే ఉండాలని తప్ప నాకింకేం లేదు.
పొట్టి


ఏప్రిల్ 18

నర్సమ్మ గారికి,

నాకు శుభ్రత నేర్పుతున్నందుకు సంతోషం. నువ్వు ముక్కు కారుస్తూ తిరిగే రోజుల్లో నా గౌను అంచుతో తుడిచిన ముక్కు అది. ఇప్పుడు నా రెప్ప వెంట్రుక నీకు రోత! వారం రోజులు నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. ఈలోగా అంతకన్నా రోత ఒకటి చూశాను. అది ఎవరికైనా చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది, అందుకే రాస్తున్నాను.

నా పోరు పడలేక చివరికి తిప్పి పంపిన సరుకు నా బల్ల మీద పడేశారు. లెన్సు కింద పెట్టాను. మొదటిది చూసి తల పక్కకి తిప్పేసుకున్నాను. టోపీకీ తీగకీ మధ్య అతుకులో ఎండిన రక్తం, గోధుమరంగులో, పాచిలా. ఒక పొర కాదు. పొర మీద పొర, మధ్యలో ఏదో తెల్లటి సబ్బు నురగ ఎండినట్టు, మళ్లీ పొర. అర్థమైందా నీకు? వాడారు, కడిగారు, మళ్లీ వాడారు, మళ్లీ కడిగారు. జిగురు నానిన అటుకులా ఉబ్బి ఉంది. ఉబ్బితే టోపీ పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే సున్నా ఎక్కడ నిలుస్తుంది, నా తలకాయ! ఇంకొక దాంట్లో నీలం రంగు బ్రష్షు పోగు ఒకటి తెగి జిగురులో ఇరుక్కుని ఉంది. ఎవడో కూర్చుని పళ్లు తోమినట్టు తోమాడు నా పనిని.

నాకు నిజంగానే డోకొచ్చింది. గౌను విప్పేసి బయటికి పరుగెత్తాను. ఒకరి ఎంగిలి నీళ్లు తాగమంటేనే మొహం చిట్లిస్తాం. ఒకరి రక్తం ఎంగిలి ఇంకొకరి గుండెలోకి పంపుతారా? అదీ అబద్ధం చెప్పే తీగతో! స్టెంటు అక్కర్లేనివాడికి వేస్తారు, కావలసినవాణ్ణి నీకేం లేదు పొమ్మంటారు. మళ్లీ రోగి దగ్గర కొత్తదాని ధరే పుచ్చుకుంటారు, అది వేరే. ఇది చేసినవాళ్లెవరో, వాళ్లు మనుషులు కారు. శవం మీద బట్ట లాగి అమ్ముకునే జాతి.

మడిబాబుకి చూపిస్తే లెన్సులోకి తొంగి కూడా చూడలేదు, అంటు సోకుతుందని. "ఆసుపత్రుల్ని మనం ఏమీ అనలేం, వాళ్లు కొనేవాళ్లు" అన్నాడు. రెండు నెలల్లోపు ఎవరు కడిగారో నేను తేల్చకపోతే తప్పు నా చేతిదే అని రాసేస్తారట.

నువ్వు ఆ లోకంలోనే ఉన్నావు. ఇలాంటి నీచపు పని ఏ ఆసుపత్రిలో జరుగుతోందో కనుక్కో. నా బల్ల నీ చేతిలో ఉందనుకో.

అక్క


మే 2

అక్కా,

ఆ నీలం బ్రష్షు నాది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. చదివినప్పుడల్లా ఇంకెవరి గురించో రాశావేమో అని ఆశపడ్డాను. ఆసుపత్రి కాదు, స్టోరు బాబు కాదు, నేను. పని అయ్యాక తీగలు తీసి, సబ్బు నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, స్పిరిట్లో ముంచి, సున్నితమైన పరికరాలు శుద్ధిచేసే గ్యాసు పెట్టెలో పెట్టి, కొత్త సంచీలో మూసి మళ్లీ అరలో సర్దాను. కత్తెరలు, పట్టకార్లు అన్నీ అలాగే చేస్తాం కదా, గాజు గాజే కదా అనుకున్నాను. లోపల జిగురు ఉందని నువ్వు రాశావు. చదివాను. ఆలోచించలేదు.

గుర్తుందా, జామకాయ నాకు సగం పెట్టాలంటే నీ గౌను అంచు అడ్డం పెట్టి కొరికేదానివి. పళ్లు కాయకి తగల్లేదు కాబట్టి అది కాకెంగిలి, ఎంగిలి కాదు అనేదానివి. నేను నమ్మి తినేదాన్ని. ఇదీ అంతే అనుకున్నానేమో. కడిగితే ఎంగిలి పోతుందనుకున్నాను.

స్టోరు బాబుకి తెలుసు. అరలో సరుకు తరగడం లేదని సంబరపడ్డాడు. డాక్టరు గారికి తెలుసో తెలీదో నాకు తెలీదు, ఆయన ఎప్పుడూ ట్రే వైపు చూడరు. ఒక్క సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. బడి బస్సు నడిపే ఆయనొకడు, కడిగిన తీగతో పరీక్ష అయి ఇంటికెళ్లాక చలిజ్వరంతో మళ్లీ వచ్చాడు. వార్డులో ఉన్నాడు. దేనివల్లో ఎవరూ చెప్పడం లేదు. నేనూ అడగలేదు.

శవం మీద బట్ట లాగే జాతి అన్నావు. అను. కానీ అక్కా, డబ్బు కోసం చెయ్యలేదు. నా కళ్ల వెలుగంతా చెత్తబుట్ట పాలు అని నువ్వే రాశావు. ఆ మాట పట్టుకుని చేశాను. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు.

నీ చెల్లెలు


మే 9

నీ ఉత్తరం చదివి, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు ఈ కాగితం తీశాను. ఉత్తరానికేం అంటుకుని ఉండదని తెలుసు. అయినా కడుక్కున్నాను.

నువ్వని తెలిశాక అసహ్యం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు, పెరిగింది. ఎవడో ముక్కూ మొహం తెలియని వెధవైతే తిట్టి పడుకునేదాన్ని. ఇప్పుడు అన్నం కలుపుకుంటుంటే నీ చేతులు గుర్తొస్తున్నాయి. చిన్నప్పటినుంచీ నా జడ వేసిన చేతులు. వాటితో మంచినీళ్లిచ్చినా ఇవాళ నేను తాగలేను. కటువుగా ఉందా? ఉండనీ.

కాకెంగిలి గుర్తుచేశావు. అది నా దొంగబుద్ధి, పెద్ద ముక్క నేను కొట్టెయ్యడానికి చెప్పిన సాకు. గుడ్డ అడ్డం పెట్టినా ఎంగిలి ఎంగిలే. నీకు జలుబు చేస్తే నాకు, నాకు చేస్తే నీకు వచ్చేది కాదూ? అక్కాచెల్లెళ్లం కాబట్టి సరిపోయింది. ఆ బస్సు నడిపే ఆయన నీకేమవుతాడని అతనికి ఇంకొకరి ఎంగిలి పెట్టావు?

నా మాట పట్టుకుని చేశానన్నావు. నిజమే, నేనూ నోరు పారేసుకున్నాను. వంట చేసే ప్రతి ఆడదీ ఇంత చేస్తే ఇట్టే తినేశారు అంటుంది. అలాగని తిన్నది కక్కించి మళ్లీ వడ్డిస్తామా?

ఏం చెయ్యమంటావని అడిగావు. మడిబాబు రోజూ అడుగుతున్నాడు, తేలిందా అని. తేలలేదు అంటున్నాను. నోట్లోంచి నీ పేరు రావడం లేదు. చెప్తే నీ ఉద్యోగం, చెప్పకపోతే నా బల్ల. నేను చెప్పను. నేను చెప్పేలా ఉంటే ఈపాటికి చెప్పేసేదాన్ని. నీకు తోచింది నువ్వు చెయ్యి. కానీ ముందు ఆ వార్డుకెళ్లి ఆ మనిషి ఎలా ఉన్నాడో అడుగు. అడగలేదు అన్న ముక్క దగ్గరే నాకు నీ మీద ఎక్కువ అసహ్యం వేసింది.


జూన్ 11

అక్కా,

సంతకం లేని ఉత్తరం నువ్వు నాకెప్పుడూ రాయలేదు.

వార్డుకెళ్లాను. బస్సాయనకి తగ్గింది, ఇంటికి పంపించేశారు కూడా. వెళ్లేముందు నేనే బాగా చూసుకున్నానని నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అక్కా, నా చేతులంటే నాకే రోత పుట్టింది. ఇది నావల్లేనేమో అని అతని మొహం మీద చెప్దామనుకున్నాను, చెప్పలేక చేతులు వెనక్కి లాక్కున్నాను. అక్కణ్ణించి తిన్నగా పెద్దాయన దగ్గరికెళ్లాను, అదే, ఆసుపత్రి నడిపే ఆయన. ఉద్యోగం ఇప్పుడే ఊడబెరుకుతారు, ఎదుటే నిలబడదాం అనుకుని మొత్తం చెప్పేశాను.

ఆయన ఏం చేశారో తెలుసా? నవ్వారు. "ఇన్నాళ్లూ ఒక్కదానివే చేశావా? ఎంత పొదుపరివమ్మా!" అన్నారు. జిగురు ఉబ్బుతుందండీ, లెక్క తప్పు చూపిస్తుందండీ అంటే, "తప్పు చూపించినవి పంపేద్దాం, వాళ్లెలాగూ మారుస్తున్నారుగా" అన్నారు. జ్వరం సంగతి చెప్తే, "జ్వరాలు ఆసుపత్రిలో కాకపోతే ఎక్కడొస్తాయి" అన్నారు. వారం తిరక్కుండా నాకో గది, తొట్టి, ఇద్దరు అమ్మాయిలు. తలుపు మీద నా హోదా రాసిన పలక. నేను తప్పు చేశానని చెప్పుకోవడానికి వెళ్తే, దాన్ని ఉద్యోగం చేసి చేతిలో పెట్టారు. నేను చెయ్యనండీ అన్నాను. పై మనిషిగా ఉండు, చేసేది వాళ్లే అన్నారు. అయినా తొట్టి ముట్టుకోలేదు. నేను ముట్టుకోకపోయినా అమ్మాయిలు తోముతూనే ఉన్నారు.

ఇంతలో మొన్న ఆయనకే గుండెల్లో నొప్పి వచ్చింది. మా గదికే తెచ్చారు, మా బల్ల మీదే పడుకోబెట్టారు. డాక్టరు గారు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు పెద్దాయన నన్ను సైగ చేసి దగ్గరికి పిలిచారు. చెవిలో, "నాకు మాత్రం కొత్తది తియ్యమ్మా. సీలు నేను చూస్తుండగా విప్పు" అన్నారు.

అక్కా, నువ్వు డోకొచ్చింది అని రాస్తే నేను అది కోపం మాట అనుకున్నాను. నాకు అక్కడ, ఆ మాస్కులో, నిజంగా నోట్లోకి పుల్లగా వచ్చేసింది. మింగాను. కొత్తదే తీశాను, 7. ఆయన చూస్తుండగా సీలు విప్పాను. ఆయనకి స్టెంటు అక్కర్లేదని తేలింది, నీ తీగ నిజమే చెప్పింది. పని అవ్వగానే దాన్ని ఆయన కళ్లెదుట కత్తెరతో ముక్కలు చేశాను. తర్వాత ఆ తొట్టి గదికెళ్లి అరలో కడిగిపెట్టినవి అన్నీ కత్తిరించాను. నీ చేతి పనే అన్నీ. ఒక్కొక్కటీ కత్తిరిస్తుంటే ఏడుపొచ్చింది, కానీ చెయ్యి ఆగలేదు.

ఆసుపత్రి ఆస్తి పాడుచేశానని చేతికి కాగితమిచ్చి, నన్ను బయట చీట్లు రాసే కిటికీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లకి వరస చూపించడమే నా పని ఇప్పుడు. తొట్టి గదిలో ఆ ఇద్దరమ్మాయిలూ కొత్తగా వచ్చినవి కడుగుతూనే ఉన్నారు.

మీ కంపెనీకి నేనే ఉత్తరం రాశాను. 7లు చెడిపోయింది చేసిన చేతి వల్ల కాదు, కడిగిన చేతి వల్ల అని, ఆ చెయ్యి నాదని. ఈపాటికి అంది ఉంటుంది. నీ బల్ల నీకు మిగలాలి.

నా చేతి మంచినీళ్లు ఎప్పటికైనా తాగుతావా?
నీ పొట్టి


జూన్ 28

ఒసేయ్ పొట్టీ,

నీ ఉత్తరం మా కంపెనీకి అందింది. మడిబాబు నా బల్ల దగ్గరికొచ్చి, క్షమాపణ లాంటిది ఏదో మాస్కులోనే గొణిగాడు. నా చెయ్యి వణుకుతోందన్న మాట ఆ క్షణంలో మాయమైపోయింది. "బల్ల నీదేనమ్మా, ఎవరన్నారు కాదని" అన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాను, చాలా రోజులకి.

మర్నాడు మేనేజరు పిలిచాడు. నీ ఉత్తరం ఆయన ముందే ఉంది, పక్కన బిస్కట్లు. ఆసుపత్రి మీద ఫిర్యాదు చేస్తారేమో, కనీసం హెచ్చరిస్తారేమో అనుకుంటూ వెళ్లాను. ఆయన బిస్కట్టు కొరుకుతూ, "అంటే జనం కడిగి వాడుకోవాలని చూస్తున్నారన్నమాట. ఇది మంచి కబురు కదండీ!" అన్నాడు. పదిసార్లు కడిగినా ఉబ్బని జిగురు పట్టుకోవాలట. అలాంటి సెన్సరుకి గిరాకీ తన్నుకొస్తుందట. ఆ పనికి నా అంత చెయ్యి ఇంకెవరికీ లేదట, ఏడో బల్ల దానికే ఇస్తారట. బిస్కట్టు పొడి నీ ఉత్తరం మీద రాలుతోంది, ఆయన దాన్ని ఊదుతున్నాడు. మీ పెద్దాయన నీకు తొట్టి ఇచ్చినట్టే ఈయన నాకు జిగురిచ్చాడు. ఎక్కడో ఒకే పిండితో చేసి పంపుతారే వీళ్లందరినీ.

పదోసారి కడిగినా లోపలి పాచి పోదండీ, జిగురు ఉబ్బకపోతే అది కనబడదు, అంతే అన్నాను. "కనబడకపోతే ఫిర్యాదే రాదు" అన్నాడు మహానుభావుడు.

అప్పుడు నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "నావల్ల కాదండీ. నా చెయ్యి వణుకుతోంది. మీవాళ్లే అన్నారు, ఎప్పట్నుంచో" అన్నాను. చెయ్యి చాపి చూపించాను కూడా. రాయిలా నిలబడి ఉంది పాడు చెయ్యి, ఒక్క రవ్వ కదల్లేదు. ఆయన దానికేసి చూసి, నన్ను ప్యాకింగుకి మార్చమని కాగితం రాసిచ్చాడు.

ఇప్పుడు ప్యాకింగులో ఉన్నాను. నా బల్ల దగ్గర ఇంకొకామె కూర్చుని ఆ కొత్త జిగురు కలుపుతోంది. నేను అట్టపెట్టెలు మడుస్తున్నాను, ఒక్కో దాంట్లో "ఒక్కసారే వాడాలి" అన్న కాగితం పెడుతున్నాను. ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే నా కళ్లకి కూడా లెన్సు కావాలి. నువ్వు నా కోసం నీ పరువు పణంగా పెట్టి నిలబెట్టిన బల్లని నేను చేతులారా వదిలేశాను. తిట్టుకో. ఆ జిగురు నా చేత్తో అద్ది ఉంటే, ఆ పైన నేను నా చేత్తో అన్నం తినగలిగేదాన్ని కాదు. ఆ రోజు మీ బావ గురక పెట్టలేదు, మెలకువగా ఉన్నారని తెలిసిపోయింది.

నీ చేతి మంచినీళ్ల సంగతి అడిగావు. అబద్ధం చెప్పను, ఇంకా మనసులో ఏదో కొడుతూనే ఉంది. నువ్వు వచ్చి గ్లాసు అందించు, అప్పుడు చూద్దాం. కత్తెర పట్టావని చదివినప్పుడు మాత్రం నిన్ను కొట్టి, వెంటనే దగ్గరికి లాక్కోవాలనిపించింది.

ఇందులో పొట్లం కట్టి నా పుల్ల పెట్టాను, కనురెప్పది. ప్యాకింగులో దానికి పనిలేదు. ఛీ అనకు. నా చేతి పని చెత్తలో పడనివ్వనని పూచీ పడ్డావుగా, దాచుకోవాలనుంటే ఇది దాచుకో. దీన్ని మాత్రం కడగకే.

మీ అక్క